కుర్చీతో సహా వచ్చిన మనిషి

2023 ఎండాకాలం. ఆ ఏడు బిలాస్‌పూర్‌లో ఎండలు మనుషుల మీద పగబట్టినట్టు కాశాయి. పొద్దు నడినెత్తికి రాకముందే బుధవారి బజారు తలుపులు మూసుకునేది. మధ్యాహ్నమైతే రైల్వే కాలనీ రోడ్ల మీద కుక్క కూడా తిరిగేది కాదు. కూలర్ల హోరు, యార్డులో వేగన్లు ఒకదాన్నొకటి గుద్దుకునే చప్పుడు. అంతే.

ఆ ఎండల్లో ఆదినారాయణ ప్రూఫులు దిద్దే మనిషి కోసం తిరుగుతున్నాడు.

ఆయన రిటైరైన కేబిన్‌మన్. లివర్లు లాగి, రైళ్ళకి దారులు మార్చి భుజాలు అరగదీసుకున్నవాడు. విజయనగరం వైపు పల్లె నుంచి కూలికొచ్చి, డ్యూటీ దిగాక రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్నాడు. డెబ్బై దాటాక ఆ అక్షరాలతోనే తన బతుకంతా రాశాడు. విశాఖపట్నంలో ప్రెస్సువాడు దాన్ని కంపోజు చేసి కాగితాలు పంపించి, "తప్పులు మీరే దిద్దించుకోండి బాబూ, మా దగ్గర ఆ పని చేసేవాళ్ళు లేరు" అన్నాడు.

ఇంట్లో దిద్దేదెవరు? కొడుకు జయప్రకాష్ గూడ్సు బండి నడుపుతాడు. ఇంట్లో కన్నా లైన్లోనే ఎక్కువ ఉంటాడు. తెలుగు పేపరు తలకిందులుగా పట్టుకున్నా వాడికి తెలీదు. కోడలు ప్రసూన సర్కండాలో హిందీ బడి టీచరు. మనవరాలు శ్రీనిధి గలగలా మాట్లాడుతుంది గాని అక్షరం ముక్క రాదు. ఆ పిల్లకి నాగ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. వచ్చే సోమవారం చేరాలి. తల్లి దగ్గరుండి సూట్‌కేసు సర్దిస్తోంది.

"నా ఇంట్లో నా పుస్తకం చదివే దిక్కు నేదు" అనేవాడు ముసలాయన రోజుకోసారి.

"ఆడియో బుక్ చేయించు తాతా, పడుకుని వింటాను" అనేది శ్రీనిధి.

ఫోన్లో వెతికి హైదరాబాదులో ఇంటి దగ్గరే ఉండి ప్రూఫులు దిద్దే భానుప్రియ అనే అమ్మాయిని పట్టుకున్నది కూడా శ్రీనిధే. ఆ అమ్మాయి మొదటి అధ్యాయం దిద్ది పంపింది. ఆదినారాయణ కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. తను 'ఏటి' అని రాసిన ప్రతిచోటా 'ఏమిటి' అయిపోయింది. వాళ్ళమ్మ చావుబతుకుల్లో అన్న మాటలు కూడా రేడియోలో వార్తల్లా ఉన్నాయి.

"అంకుల్, మీది స్టాండర్డ్ తెలుగు కాదు కదండీ" అంది ఫోన్లో.

"మా యమ్మ స్టాండర్డు కాదేటి? నువ్వు నాకు పంతులమ్మవేటి? పెట్టీ ఫోను!"

తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు, పోయారు. ఎవరినీ నిలవనివ్వలేదు. అప్పుడు తెలుగు సంఘం కార్యదర్శి అప్పారావు గొంతు తగ్గించి చెప్పాడు.

"బజారు వెనక మూతపడ్డ ప్రెస్సులో అమ్మన్న అని ఒకడున్నాడు బావా. ఎవడికీ జీతగాడు కాదు, ఎవరి పుస్తకం ఇస్తే వాళ్ళది దిద్దుతాడు. చెయ్యి మంచిదే. నేనైతే తేను."

"నువ్వు తేకపోతే నేను తెస్తాను."

"అదే నీ రోగం" అన్నాడు అప్పారావు. అయినా దారి చూపించడానికి వెంట వచ్చాడు.

ప్రెస్సు లోపల చీకటి. తడిసిన కాగితం, పులిసిన మైదా జిగురు కలిసిన వాసన. ఒక మూల చేతుల కర్ర కుర్చీలో తెల్లపంచె కట్టుకున్న మనిషి కూర్చుని ఉన్నాడు. వయసెంతో చెప్పలేం. మొహం మీద ముడతల్లేవు, కానీ చర్మం పాత పేపరులా పసుపుగా ఉంది. ఆ ఇంటావిడ లక్ష్మీనరసమ్మ గుమ్మం దాటి లోపలికి రాలేదు. బయటనుంచే చెప్పింది.

"ఆయన నడవలేరు. కుర్చీతో తీసికెళ్ళండి. పనైపోయాక కుర్చీతోనే తెచ్చి దింపీండి. మద్దెలో లేపకండి."

"ఏటివ్వమంటారు?" అని అడిగాడు ఆదినారాయణ.

కుర్చీలో మనిషి మొదటిసారి నోరు తెరిచాడు. "పనయ్యేక నేనే అడుగుతాను బాబూ."

లోడు ఆటోలో కుర్చీని ఎక్కించి, చుట్టూ తాడు కట్టి, మనిషిని అలాగే కూర్చోబెట్టి నట్టెండలో కాలనీకి తెచ్చారు. దారి పొడుగునా అమ్మన్న నెత్తిన గుడ్డ వేసుకోలేదు. ఒక్క చెమట చుక్క కూడా పోయలేదు. శ్రీనిధి గేటు తీసి చూసి పకపకా నవ్వింది.

"అరే తాతా, రాజాసాబ్‌ని సింహాసనంతో సహా ఎత్తుకొచ్చావా?"

అమ్మన్న ఆ పిల్ల వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

*

ముందుగదిలో కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టి, నీళ్ళు చల్లి ఉంచారు. లోపల పగలు కూడా సంధ్యవేళలా ఉంటుంది. అమ్మన్న పని పద్ధతి పాతకాలపుది. ఒకరు రాతప్రతి పట్టుకుని బయటికి చదవాలి. కామా ఉంటే కామా అని, చుక్క ఉంటే చుక్క అని చదవాలి. ఎదురుగా ఉన్నవాడు అచ్చుకాగితం చూసుకుంటూ ఎర్ర సిరాతో దిద్దుతాడు.

"ఆపకండి. నేను ఆపమన్నప్పుడే ఆపాలి" అన్నాడు.

ఆదినారాయణ చదివాడు. అమ్మన్న దిద్దాడు. నాలుగు పేజీలు కాకముందే అమ్మన్న దెప్పడం మొదలుపెట్టాడు.

"అక్షరాలు రాత్రిపూట నేర్చుకున్నారా?"

"మీకెవరు చెప్పేరు?"

"మీ వాక్యాలే చెప్తన్నాయి. ప్రతిదీ సగంలో నిద్దరోతంది."

ముసలాయన మొహం ఎర్రబడింది. ఇంకెవరైనా అయితే కాగితాలు లాక్కుని గేటు చూపించేవాడు. కానీ వంగి చూస్తే, అమ్మ అన్న మాటల మీద ఎర్రగీత ఒక్కటీ లేదు. 'ఏటి' ఏటిలాగే ఉంది. దాంతో పౌరుషం దిగమింగుకున్నాడు.

సాయంత్రం ఆటో పిలుస్తానంటే అమ్మన్న వద్దన్నాడు. పని ముగిసేదాకా ఇక్కడే ఉంటానన్నాడు. ప్రసూన పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టి స్టూలు మీద ఉంచింది. పొద్దున్న చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ ఇంట్లో పంచదార పలుకు రాలితే చీమలు బారులు కడతాయి. ఆ పళ్ళెం దగ్గరికి ఒక్క చీమ రాలేదు.

మనిషి రాత్రి ఎలా ఉన్నాడో అలాగే ఉన్నాడు. కలం కూడా అదే వేళ్ళ మధ్య ఉంది.

"మావయ్యా, ఆయన బాత్రూముకి కూడా వెళ్ళలేదు" అంది ప్రసూన వంటింట్లో, చిన్నగా. "కూలర్ గాలికి టేబుల్ మీది కాగితాలన్నీ లేస్తున్నాయి. ఆయన చేతిలో కాగితం మాత్రం కదలడం లేదు. చూశారా?"

"గట్టిగా పట్టుకున్నాడు."

"పంపించెయ్యండి."

"పుస్తకం అయ్యేక పంపుతాను."

ఆ మధ్యాహ్నం శ్రీనిధి మజ్జిగ పట్టుకొచ్చింది. అమ్మన్న గ్లాసు అందుకోలేదు.

"నీకు తెలుగు చదవడం రాదంట కదా, అమ్మీ?"

"నహీ ఆతా అంకుల్. అన్నీ గుండ్రంగా జిలేబీల్లా ఉంటాయి."

"కూకో. నేర్పుతాను." తరవాత ఆదినారాయణ వైపు తిరిగి మెల్లిగా అన్నాడు. "మీ పుస్తకాన్ని ఈ ఊళ్ళో ఎవరు చదువుతారు బాబూ? అట్టలు చెదలకి, కాగితాలు బజ్జీల బండికి. ఈ గుంటకి నేర్పితే ఒక్కరైనా మిగులుతారు."

ఆ మాట ముసలాయనకి కత్తిలా దిగింది. ఇన్నేళ్ళూ ఎవరితోనూ అనుకోలేని భయాన్ని ఈ మనిషి బయటికి తీసి చేతిలో పెట్టాడు. "కూకో అమ్మీ, పోయేదేటుంది" అన్నాడు.

శ్రీనిధి స్టూలు లాక్కుని కూర్చుంది. అమ్మన్న ఒక ప్రూఫు కాగితం వెనక అక్షరాలు రాసి చూపించాడు. నవ్వుతూ మొదలుపెట్టిన పిల్ల కాసేపటికి నవ్వడం మానేసింది. మర్నాటికి గుణింతాలు వచ్చేశాయి. ఆ మర్నాడు తాత రాతప్రతి తీసుకుని, ఎక్కడా తడబడకుండా, కామాలతో సహా చదివేసింది.

ఆదినారాయణ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సూసేవా కోడలా? నువ్వు బడిలో ఇన్నేళ్ళూ చెప్పి ఒక్క గుంటనైనా ఇలా తయారుచేశావా?"

ప్రసూన ఆయన మాట వినడం లేదు. కూతుర్నే చూస్తోంది. శ్రీనిధి చదువుతున్నప్పుడు కనురెప్పలు పడడం లేదు.

ఆ సాయంత్రం ఆమె మామగారి ఎదురుగా నిలబడింది. పెళ్ళయి వచ్చాక ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడలేదు.

"నిద్రలో చదువుతోంది మావయ్యా. కళ్ళు మూసుకుని పడుకుని, కామా, చుక్క, కామా, చుక్క. వేలితో దుప్పటి మీద దిద్దుతోంది. ఇది సోమవారానికి నాగ్‌పూర్‌లో ఉండాలి. అది రైలెక్కేదాకానైనా ఆయన్ని ఇంట్లో ఉంచకండి. మీకు పుస్తకం కావాలా, పిల్ల కావాలా?"

"రెండూ కావాలి" అన్నాడు ముసలాయన. "కొత్తగా నేర్చినప్పుడు నాకూ అలాగే ఉండేది. ఇంకెన్నో పేజీల్లేవు. రేపటితో సరి."

*

మర్నాడు ప్రసూన కూతురికి కావలసిన సామాన్లు కొనడానికి బజారు వెళ్ళింది. శ్రీనిధిని కూడా రమ్మంది. తలనొప్పని పిల్ల రాలేదు.

భోజనాలవేళ దాటాక గాలి ఆగిపోయింది. వేపచెట్ల ఆకు కదలడం లేదు. కాసేపటికి తఖత్‌పూర్ వైపు ఆకాశం ఇటుకరంగుకి తిరిగింది. దుమ్ముగాలి వచ్చి కాలనీ మీద పడింది. రేకులు లేచిపోయే చప్పుడు. ఎక్కడో గాజు పగిలింది. కరెంటు పోయింది.

కూలర్ ఆగగానే గదిలో వాసన పెరిగింది... తడికాగితం, జిగురు, ఇంకేదో. మూసిన డబ్బాలో చాన్నాళ్ళు ఉండిపోయిన వాసన.

ఆదినారాయణ కిటికీ దగ్గర తడక ఎత్తి పట్టుకుని, వచ్చినంత వెలుతురులో చదువుతూనే ఉన్నాడు. చివరి అధ్యాయం. అప్పుడు గమనించాడు. తను వాక్యం చదవకముందే అమ్మన్న కలం ఆ వాక్యం మీద కదులుతోంది. ఆయన కళ్ళు కాగితం మీద లేవు. తలుపు మీద ఉన్నాయి.

తలుపు దగ్గర శ్రీనిధి నిలబడి ఉంది. చేతిలో సెల్లు లైటు.

"తాతా, చీకట్లో ఎలా చదువుతున్నావ్?"

"ఒక్క పేజీ అమ్మీ. అయిపోయింది."

అమ్మన్న కలం ఆగింది.

"బాబూ," అన్నాడు. గొంతు చాలా నీరసంగా ఉంది. "కాస్త రిలీఫ్ ఇప్పిస్తారా? పక్కకెళ్ళాలి."

ఈ మాట ఇంకో ఇంట్లో అన్నా, ఇంకో మనిషితో అన్నా అర్థం వేరు. ఆదినారాయణ కేబిన్‌మన్. కేబిన్ ఖాళీగా వదలకూడదు. రిలీవరు వచ్చి 'ఛార్జ్ తీసుకున్నాను' అని నోటితో చెప్పేదాకా, కడుపు నొప్పితో మెలికలు తిరుగుతున్నా లివర్ల దగ్గరనుంచి కదలకూడదు. అందుకే పక్కకెళ్ళాలని తోటివాడు అడిగితే కాదనే కేబిన్‌మన్ ఉండడు. పడని మనిషైనా, తిట్టుకునే మనిషైనా వెళ్ళి నిలబడతారు. ఆదినారాయణ సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా కాదనలేదు.

"నేను కూకుంటాను రండి" అని లేవబోయాడు.

"నన్ను మీరు పట్టుకోవాలి గదా. కుర్చీ ఖాళీగా ఉండకూడదు." అమ్మన్న కళ్ళు తలుపు మీంచి కదల్లేదు. "ఈ గుంట పాసయింది. చాలు."

ముసలాయన ఒక్క క్షణం ఆలోచిస్తే బావుండేది. ఆలోచించడానికి అదేమీ కొత్త మాట కాదు. నాలిక మీద ముప్పై ఏళ్ళుగా కాపురం ఉన్న మాట. దానంతటదే వచ్చేసింది.

"అమ్మీ, ఈయన్ని పట్టుకుని బాత్రూముకి తీసికెళ్తాను. అందాకా నువ్వు ఈ కుర్చీలో కూకో. ఛార్జ్ తీసుకున్నానని చెప్పు, ఎల్తారు."

"క్యా తాతా, ఇది మీ కేబినా?" శ్రీనిధి నవ్వింది. ఆ ఇంట్లో ఆ పిల్ల నవ్వడం అదే ఆఖరు. "అచ్ఛా, తీసుకున్నాను. ఛార్జ్ తీసుకున్నాను. బస్?"

అమ్మన్న లేచి నిలబడ్డాడు.

చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకోలేదు. నడవలేడన్న మనిషి... లేచి... నిటారుగా నిలబడ్డాడు. ఎముకలు ఒక్కొక్కటీ టకటకమని చప్పుడు చేశాయి. పంచె దులుపుకున్నాడు. తెల్లటి పొడి రాలింది.

శ్రీనిధి కూర్చుంది. ఎవరో భుజాలు నొక్కినట్టు కూర్చుంది.

"ఏటిది... అమ్మన్న గారూ... మీ కాళ్ళు..."

"నేనన్నానేటి? నడవలేనని ఆవిడంది. నడిస్తే ఎవరు దిద్దుతారు బాబూ?" గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా అన్నాడు. "ఇవ్వాల్సింది ఇచ్చీసేరు. బాకీ నేదు."

బయట దుమ్ము తప్ప ఏమీ కనబడడం లేదు. తలుపు తెరుచుకుంది. ఎర్రటి గాలి లోపలికి కొట్టింది. ఆ గాలిలోకి ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. మొదట నడుస్తున్న అడుగులు. తరవాత... పరిగెడుతున్న అడుగులు. కుర్రవాడి అడుగుల్లా ఉన్నాయి.

"అమ్మీ, లే" అన్నాడు ముసలాయన. "లే తల్లీ."

శ్రీనిధి ఎర్ర కలం తీసుకుంది. తాత వైపు చూడకుండా గుసగుసగా అంది.

"ఎందుకాపేరు? చదవండి."

*

ప్రసూన వచ్చేసరికి దుమ్ముగాలి తగ్గింది. చేతిలో సంచులు గుమ్మంలోనే పడేసింది. కూతుర్ని చంకల కింద చేతులేసి లేపింది. పిల్ల తేలిగ్గానే లేచింది. లేచిన మరుక్షణం ఊపిరి ఆగిపోయింది. పెదాలు నీలంగా తిరిగాయి. కళ్ళు తేలేసింది. మళ్ళీ కుర్చీలో పడగానే ఊపిరి వచ్చింది, చెయ్యి కలాన్ని వెతుక్కుంది.

రాత్రికి జయప్రకాష్ డ్యూటీ దిగి వచ్చి మళ్ళీ లేపాడు. మళ్ళీ అదే. కుర్చీతో సహా ఆసుపత్రికి మోసుకెళ్ళారు. డాక్టరు మంచం మీదకి మార్చమన్నాడు. మార్చారు. ఆ డాక్టరే కేకలేసి తిరిగి కుర్చీలో కూర్చోబెట్టించాడు. కుర్చీతోనే ఇంటికి తెచ్చుకున్నారు. ఆ తరవాత ఎవరూ లేపడానికి చెయ్యి వెయ్యలేదు.

ఆదినారాయణ అప్పారావుని వెంటేసుకుని ప్రెస్సుకి పరిగెత్తాడు. లక్ష్మీనరసమ్మ గుమ్మం కడుగుతోంది. గోడలకి సున్నం వేయిస్తోంది. ఎన్నాళ్ళకో కిటికీలన్నీ తీసి ఉన్నాయి. ఇద్దర్నీ చూసి బకెట్టు కింద పెట్టింది.

"ఎల్లిపోనాడా?"

ఆదినారాయణ అవునని తలూపాడు.

"నేను సెప్పేను గదా బాబూ, లేపొద్దని. ఆడు కూకున్నప్పటికి మీసాలు కూడా రానేదంట, మా అత్త సెప్పేది. ఎవుడో దిద్దేవోడు పక్కకెళ్ళొస్తానన్నాడంట."

"ఎక్కడికి ఎల్లుంటాడు?"

"ఆ ఎవుడో ఎక్కడికెల్లేడో, ఈడూ అక్కడికే" అని ఆవిడ మళ్ళీ చీపురు అందుకుంది.

ఇంటికొచ్చి ముసలాయన మనవరాలి ముందు నేల మీద కూలబడ్డాడు. ఆమె మోకాళ్ళ మీద చేతులు వేశాడు. జీవితంలో ఎవరినీ బతిమాలని మనిషి బతిమాలాడు.

"నాకిచ్చీ అమ్మీ. ఛార్జ్ తీసుకున్నాను. ఇదిగో, తీసుకున్నాను. నువ్వు లే. నేను కూకుంటాను."

శ్రీనిధి కాగితం మీంచి కళ్ళెత్తింది. గొంతు ఆ పిల్లదే. మాట ఆ పిల్లది కాదు.

"మీరు పనికిరారు తాతా. ఏమీ రానివాళ్ళకి నేర్పొచ్చు. తప్పుగా నేర్చినవాళ్ళకి నేర్పలేం."

ప్రసూన ఆ మాట విన్నది. మామగారి వైపు చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి ఆయనకి అన్నం పెడుతుంది గాని, మాట్లాడదు.

పుస్తకం అచ్చయింది. విశాఖపట్నం ప్రెస్సువాడు ఇన్నేళ్ళలో ఇంత శుభ్రమైన ప్రూఫు చూడలేదని ఫోన్ చేశాడు. కట్టలు వచ్చి వసారాలో ఉన్నాయి. వాటి తాళ్ళు ఎవరూ విప్పలేదు.

శ్రీనిధికి కాగితాలు ఎవరూ ఇవ్వడం లేదు. ఇంట్లో ఉన్నవన్నీ ప్రసూన దాచేసింది. జయప్రకాష్ ముందుగదికి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుని పడుకుంటాడు. అయినా పొద్దున్న తలుపు తీసేసరికి పిల్ల ఒళ్ళో కొత్త ప్రూఫుల కట్ట ఉంటుంది. సిరా ఇంకా తడిగా ఉంటుంది. ఆదినారాయణ కళ్ళజోడు పెట్టుకుని వాటిని చూశాడు. తెలుగు కాదు, హిందీ కాదు. కాలనీలో ఒడియావాళ్ళకి, బెంగాలీవాళ్ళకి చూపించాడు. ఆ అక్షరాలు ఎవరికీ తెలీవు. శ్రీనిధి వాటిని ఎక్కడా ఆగకుండా దిద్దుతుంది.

చేరాల్సిన రోజు దాటిపోయిందని నాగ్‌పూర్ బ్యాంకువాళ్ళు ఆ ఉద్యోగం వేరే అమ్మాయికి ఇచ్చారు. శ్రీనిధికి అప్పటికి ఇరవై రెండేళ్ళు.